వెండి నీళ్లు సీసాలో ఎందుకు విరుగుతాయి? కొల్లేరు పక్క రైతులకు కొల్లాయిడల్ సిల్వర్ నిల్వ సంగతులు



ఇంట్లో కొల్లాయిడల్ సిల్వర్ తయారు చేసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. రెండు వెండి తీగలు, మూడు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు, ఒక గాజు జాడీ, మంచి నీళ్లు ఉంటే సాయంత్రం మొదలుపెట్టి భోజనాల వేళకి ముగించొచ్చు. పై వీడియోలో చూపించింది కూడా అంతే. అసలు ఇబ్బంది మర్నాటి నుంచి మొదలవుతుంది. కొందరి సీసా నెలల తరబడి లేత తేనె రంగులో అలాగే ఉంటుంది. కొందరిది వారం తిరక్కుండానే అడుగున నల్లటి మడ్డి దిగిపోతుంది. ఇంకొందరిదైతే తీగలు పెట్టిన పది నిమిషాలకే తెల్లగా మబ్బు పట్టేస్తుంది. వెండి అదే, బ్యాటరీలు అవే. మరి తేడా ఎక్కడుంది?

ఎక్కువగా నీళ్లలోనే ఉందండి. ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు దాకా మనకి నీళ్లకి కొదవ లేదు గానీ, వెండికి పడే నీళ్లు మాత్రం దొరకవు.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. కరెంటు పెట్టినప్పుడు వెండి రెండు రూపాల్లో నీళ్లలోకి దిగుతుంది. ఒకటి అయాన్లు. ఇవి ఉప్పు నీళ్లలో కరిగిపోయినట్టే పూర్తిగా కరిగి ఉంటాయి, రంగు ఉండదు. రెండోది కంటికి కనపడని సన్నటి వెండి రేణువులు. ఆ లేత పసుపు రంగు ఈ రేణువుల వల్ల వస్తుంది. ఇంట్లో బ్యాటరీలతో చేసిన దాంట్లో ఎక్కువ భాగం అయాన్లే. కాబట్టి నీళ్లలా తెల్లగా ఉంటే తయారవ్వలేదని కంగారు పడక్కర్లేదు. పసుపు ఎక్కువైతే బలం ఎక్కువని సంబరపడక్కర్లేదు.

ఆ రేణువులు అడుక్కి దిగకుండా తేలుతూ ఉండడానికి కారణం వాటి మీద ఉండే విద్యుదావేశం. అన్నిటి మీదా ఒకే రకం ఆవేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ ఉంటాయి. ఆ నెట్టుడు తగ్గిందంటే దగ్గరికి చేరి, అతుక్కుని, గుంపులై, బరువెక్కి అడుక్కి దిగుతాయి. పాలు కూడా ఒక రకం కొల్లాయిడే. నిమ్మరసం పిండితే ఏమవుతుందో మనకి తెలుసు. వెండి నీళ్లకి నిమ్మరసం లాంటిది ఉప్పు.

ఉప్పు రెండు దెబ్బలు కొడుతుంది. రేణువుల మధ్య నెట్టుడు తగ్గించి గుంపులు కట్టిస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ వెండి అయాన్లని పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేస్తుంది. ఇది నీళ్లలో దాదాపు కరగని తెల్లటి పదార్థం. జాడీలో కనిపించే తెల్ల మబ్బు అదే. 10 పీపీఎం వెండి ఉన్న నీళ్లలో ఈ పని మొదలవడానికి లీటరుకి ఒక్క మిల్లీగ్రాము క్లోరైడ్ కూడా అక్కర్లేదు. ఇప్పుడు మన బోరు నీళ్ల సంగతి ఆలోచించండి. ఎండాకాలంలో కొల్లేరు నీటిమట్టం పడిపోతే ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నుకొస్తుంది. రొయ్యల చెరువులకి ఉప్పునీరు కట్టిన చోట్ల పక్క బోర్లు కూడా ఉప్పెక్కాయి. తాడేపల్లిగూడెం పైన మెట్ట ప్రాంతంలో నీళ్లు కాస్త నయం. కానీ అక్కడి తియ్యటి బోరు నీళ్లు కూడా వెండికి ఉప్పునీళ్ల కిందే లెక్క.

"మా ఊళ్లో ఆర్వో ప్లాంటు నీళ్లు వాడాను అండి, అయినా తెల్లబడింది" అంటారు. తెల్లబడుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. తాగడానికి రుచి ఉండాలని కొన్ని ప్లాంట్లలో ఖనిజాలు మళ్లీ కలుపుతారు కూడా. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకుంటామని ఇంకొందరు అడుగుతున్నారు. వాటి టీడీఎస్ తక్కువే చూపించినా లోపలి రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, పేరుకున్న దుమ్ము మీదుగా వచ్చిన నీళ్లవి. వద్దు. వాననీళ్లు మంచివే, అవి ఎక్కడ పనికొస్తాయో తర్వాత చెప్తాను. తయారీకి మాత్రం బ్యాటరీ షాపులో సీలు వేసి అమ్మే డిస్టిల్డ్ వాటర్ క్యాను కొనండి. కొనేటప్పుడు సీలు చూడండి. యాసిడ్ పోసిన పాత క్యాన్లలో నింపి ఇచ్చే నీళ్లు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక టీడీఎస్ మీటరు ముంచితే సున్నా గానీ ఒకటి గానీ చూపించాలి. మూడో నాలుగో చూపిస్తే ఆ క్యాను ఇన్వర్టరుకి పోసేయండి.

కొందరు వీడియోల్లో పని త్వరగా అవ్వడానికి చిటికెడు ఉప్పు గానీ వంటసోడా గానీ వేయమని చెప్తున్నారు. ఉప్పు వేస్తే కరెంటు బాగా పారుతుంది, నీళ్లు చకచకా తెల్లబడతాయి, చూసేవాళ్లకి ఏదో తయారైపోయినట్టు కనిపిస్తుంది. ఆ తయారైంది సిల్వర్ క్లోరైడ్. రెండు రోజుల్లో అడుక్కి దిగి, వెలుగు తగిలి ఊదా రంగులోకి, తర్వాత నల్లగా మారుతుంది.

వెండి విషయానికొస్తే పట్టీలు, మొలతాళ్లు, పాత కుంకుమ భరిణెల ముక్కలు వాడొద్దు. నగల వెండిలో గట్టితనం కోసం రాగి కలుపుతారు, అతుకుల దగ్గర వేరే లోహాలు ఉంటాయి. అవన్నీ నీళ్లలోకి దిగుతాయి. 99.9 శాతం శుద్ధమైన తీగే కావాలి.

బలం లెక్క కూడా నిల్వకి సంబంధించిందే. ఒక మిల్లీ యాంపియర్ కరెంటు గంటసేపు పారితే ఎక్కువలో ఎక్కువ 4 మిల్లీగ్రాముల వెండి తీగ నుంచి దిగుతుంది. ఇది ఫారడే సూత్రం, మీటరు మారినా వీడియో మారినా ఇది మారదు. లీటరు నీళ్లలో అయితే అది 4 పీపీఎం. రెండున్నర గంటలకి 10 పీపీఎం. కొంత వెండి రెండో తీగ మీద పేరుకుంటుంది కాబట్టి నిజంగా దిగేది ఇంకాస్త తక్కువే. మొదట్లో శుద్ధమైన నీళ్లలో కరెంటు చాలా తక్కువగా పారుతుంది, పోనుపోను పెరుగుతుంది. అందుకని గడియారం ఒక్కటే నమ్ముకోకుండా మల్టీమీటరు పెట్టి చూసుకోవాలి. 50 పీపీఎం, 100 పీపీఎం చేశామని చెప్పేవాళ్ల సీసా ఒకసారి తిప్పి చూడండి, అడుగున బూడిద రంగు మడ్డి ఉంటుంది. కలపడానికి ఏ ఆధారమూ లేని ఉత్త నీళ్లలో వెండి అంతకంత నిలవదు. 10 పీపీఎం దగ్గర ఆపేస్తే నిల్వలో సగం తలనొప్పి తగ్గుతుంది. టీడీఎస్ మీటరు చూపించే అంకెని వెండి పీపీఎం అనుకోవడం కూడా తప్పు. ఆ మీటరు ఉప్పు కోసం లెక్కకట్టింది, దానికి వెండి రేణువులు అసలు కనిపించవు.

సీసా, వెలుగు, వేడి

పాత ఫోటో స్టూడియోల్లో చీకటి గది ఎందుకుండేదో గుర్తుందా? ఫిల్ము మీద ఉండేది వెండి ఉప్పే. వెలుగు తగిలితే అది వెండిగా మారి నల్లబడుతుంది, బొమ్మ పడేది అలాగే. మన సీసాలోనూ అదే జరుగుతుంది. తెల్లగా ఉన్న నీళ్లు కిటికీలో పెడితే పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత బూడిద రంగులోకి వెళ్తాయి. కాబట్టి గోధుమ రంగు గాజు సీసా కావాలి. దగ్గు మందు సీసాలు, బీరు సీసాలు కూడా పనికొస్తాయి, కడగడం తెలిస్తే. సబ్బుతో కడిగాక మామూలు నీళ్లతో తొలిచి ఆపేస్తే గోడలకి ఉప్పు అంటుకునే ఉంటుంది. చివర్లో డిస్టిల్డ్ వాటరుతోనే మూడుసార్లు తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టాలి. చేతి వేళ్లు లోపల పెట్టొద్దు. చెమటలో ఉన్నది కూడా ఉప్పే.

రాగి చెంబులో పోస్తే ఇంకా మంచిదేమో అని ఒక పెద్దాయన అడిగారు. తాగే నీళ్లకి రాగి చెంబు సంగతి వేరు. వెండి అయాన్లున్న నీళ్లు రాగి మీద పోస్తే రాగి కరిగి నీళ్లలోకి వస్తుంది, వెండి చెంబుకి పూతలా అంటుకుంటుంది. అంటే సీసాలో మిగిలేది రాగి నీళ్లు. ఇత్తడి, ఇనుము, అల్యూమినియం కూడా అంతే. అందుకే ఇత్తడి నాజిల్ ఉన్న స్ప్రేయర్‌లో రాత్రంతా ఉంచేసి పొద్దున్నే కొడదామంటే కుదరదు. మూత కూడా ప్లాస్టిక్‌ది ఉండాలి. రబ్బరు బిరడాలు, రబ్బరు డ్రాపర్లు వద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది.

గంధకం అంటే వెండికి అసలు పడదు. ఇంట్లో పట్టీలు నల్లబడేది దానివల్లే. గంధకం పొడి బస్తాల పక్కన, పశువుల కొట్టంలో, జీవామృతం డ్రమ్ముల దగ్గర ఈ సీసాలు పెట్టకండి. చేపల చెరువు అడుగు బురద కెలికితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా, అది హైడ్రోజన్ సల్ఫైడ్. చెరువు గట్టు మీది షెడ్డు కూడా ఈ సీసాలకి తగిన చోటు కాదు. చోటు మంచిదో కాదో తెలియకపోతే ఒక పాత వెండి ముక్క మెరుగుపెట్టి నెల్లాళ్లు అక్కడ ఉంచండి. అది నల్లబడితే సీసా కూడా అక్కడ ఉండలేదు.

మే నెలలో మన రేకుల షెడ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. వేడికి రేణువులు గట్టిగా గుద్దుకుని త్వరగా అతుక్కుంటాయి. అలాగని ఫ్రిజ్‌లో ఐసు గది పక్కన పెడితే అంతకంటే నష్టం. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వెండిని మధ్యకి తోసేస్తాయి, రేణువులన్నీ ఒకచోట నొక్కుకుని అతుక్కుంటాయి. కరిగాక ఎంత ఊపినా మళ్లీ విడిపోవు. మట్టిగోడల గదిలో కింది అర మీద, చెక్కపెట్టెలో పెడితే చాలు.

నిలకడ కోసం ఏదైనా కలపొచ్చా అంటే, లోకంలో ఆ ప్రయత్నం పాతదే. 1889లో ఫిలడెల్ఫియాలో కేరీ లీ అనే ఆయన సిట్రేట్ సాయంతో నిలకడైన వెండి కొల్లాయిడ్ చేశాడు. 1897లో బేయర్ కంపెనీ ప్రోటీన్‌తో కలిపిన వెండిని ప్రోటార్గాల్ పేరుతో మందుగా తెచ్చింది. ప్రోటీన్ రేణువుకి దుప్పటిలా కప్పుకుంటుంది, ఒకదానికొకటి తగలనివ్వదు. ఇప్పుడు కొందరు జెలటిన్ వేసేది అందుకే. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది, కొందరికి అది ఇష్టం ఉండదు. నా మటుకు నేను ఏమీ కలపను. పావు లీటరు, మించితే అర లీటరు చేసుకుని రెండు మూడు వారాల్లో వాడేసేదానికి ఈ హంగులన్నీ ఎందుకు?

సీసా మీద చేసిన తేదీ, కరెంటు, ఎంతసేపు, ఆరోజు రంగు రాసి చీటీ అంటించండి. వారానికోసారి చీకట్లో లేజర్ లైటు వేసి చూడండి. బజారులో పిల్లలు ఆడుకునేది చాలు. కిరణం సన్నటి గీతలా కనిపిస్తే రేణువులు సన్నగా తేలుతున్నట్టు. గీతలో మిణుకు మిణుకుమని చుక్కలు కనిపిస్తే గుంపులు కడుతున్నట్టు. పసుపు కాస్త ముదిరితే ఫర్వాలేదు. బూడిద రంగుకి తిరిగినా, అడుగున మడ్డి కనిపించినా, తెల్లబడినా అది అయిపోయినట్టే. ఊపి కలిపేసి వాడడం వల్ల ప్రయోజనం లేదు.

దేంట్లో కలపకూడదు

పలచన చేయాల్సి వస్తే వాడే ముందే చేయాలి, పలచన చేసింది నిల్వ పెట్టకూడదు. ఇక్కడే వాననీళ్లు పనికొస్తాయి. మొదటి రెండు వానలు వదిలేసి, తర్వాత శుభ్రమైన షీటు మీద పట్టినవి కాలువ నీళ్ల కంటే చాలా నయం.

జీవామృతంలో, పంచగవ్యలో, గోమూత్రంలో కలిపి కొట్టొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. గోమూత్రంలో ఉప్పు ఉంది, అమ్మోనియా ఉంది. కలిపిన క్షణం వెండి విరిగిపోతుంది. జీవామృతం సంగతి ఇంకా స్పష్టం. మనం బెల్లం, శనగపిండి పెట్టి సూక్ష్మజీవుల్ని పెంచేది నేలలో పని చేయడానికి. వెండి పని సూక్ష్మజీవుల్ని చంపడం. మంచిది ఏది, చెడ్డది ఏది అని దానికి తెలియదు. ఒకే మడిలో ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకినట్టు ఉంటుంది. అందుకే పొలమంతా పిచికారీ చేయడానికి నేను ఒప్పుకోను. నర్సరీ ట్రేలు తుడుచుకోవడం, అంట్లు కట్టే చోట కోసిన కొమ్మ చివర్లు తడపడం, అంతవరకే.

తీగజాతి కూరగాయలు వేసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. మొక్కలో ఇథిలీన్ పనిని వెండి అడ్డుకుంటుంది. కోసిన పూలు ఎక్కువ రోజులు నిలవడానికి పూల వ్యాపారంలో వెండి ఉప్పుల్ని వాడింది అందుకే. ఆడపూలు మాత్రమే పూసే కీరదోస రకాల్లో విత్తనం కోసం మగపూలు రప్పించడానికి కూడా సిల్వర్ నైట్రేట్ కొడతారు. అంటే లేత దశలో దోస, బీర, కాకర మీద వెండి పడితే పూత లెక్కే మారొచ్చు. కాయ కోసం వేసిన తోటలో దానితో ఆటలొద్దు.

సర్టిఫికేషన్ ఉన్న రైతులు ఒక్క బొట్టు వాడే ముందు కూడా తమ సర్టిఫికేషన్ వాళ్లని అడిగి, జవాబు రాయించుకుని పెట్టుకోండి. తెగుళ్ల మందుగా సీసాల్లో పోసి అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. నన్ను అమ్మమని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు. నెల్లాళ్లలో రంగు మారే సరుకు మీద నా లేబులు వేయలేను.

నోట్లోకి వద్దు

ఇది చెప్పకుండా ముగించలేను. సీసాలు ఇంట్లో ఉంటాయి కాబట్టి జలుబుకి రెండు చెంచాలు, కడుపుకి నాలుగు చెంచాలు తాగేవాళ్లు కనిపిస్తున్నారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి వెండి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. మన సీసాలో ఉన్నది దానికి వంద రెట్లు. శరీరంలోకి వెళ్లిన వెండి కొంత చర్మంలో చేరి, ఎండ తగిలి నీలి బూడిద రంగులోకి తిరుగుతుంది. దీన్ని ఆర్జీరియా అంటారు, ఆ రంగు సబ్బుకి పోదు, మందుకీ పోదు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో 2002లో సెనేట్‌కి పోటీ చేసిన స్టాన్ జోన్స్ మొహం అలా నీలంగా మారింది. ఆయన తాగింది కంపెనీ సరుకు కాదు, ఇంట్లో చేసుకున్నదే. ఏ రోగానికీ ఇది సురక్షితమైన, పనిచేసే మందుగా గుర్తింపు లేదని ఆ దేశపు ఎఫ్‌డీఏ 1999లోనే చెప్పేసింది. పిల్లలకీ, పశువులకీ తాగించొద్దు. సీసా మీద "తాగరాదు" అని ఎర్ర అక్షరాలతో రాయండి.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయిన రోజులు మనం మర్చిపోలేదు. అప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు నిపుణులు వేలు చూపించారు. వెండికీ దానికీ సంబంధం లేదు. కంటికి కనపడనిది నీళ్లలో ఉంటే ఏమవుతుందో మాత్రం ఈ ఊరికి ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.

విరిగిన సీసా ఎక్కడ పారబోయాలి

మెట్టలో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. మనకి కాదు. ఇక్కడ పెరటి మురుగు బోదెలోకి, బోదె డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ కొల్లేట్లోకి. ఈ దారిలో అందరి చేపలూ ఉన్నాయి. కరిగిన వెండి అయాన్లు చేపకి మనిషికంటే ఎన్నో రెట్లు విషం. మొప్పల్లో ఉప్పుని లోపలికి పట్టుకునే పనిని వెండి ఆపేస్తుంది, చేప ఒంట్లో ఉప్పు తరిగి చచ్చిపోతుంది. మంచినీటి జీవులకి అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు, మామూలు కఠినత్వం ఉన్న నీళ్లలో, లీటరుకి దాదాపు 3 మైక్రోగ్రాములు. మన 10 పీపీఎం లీటరు సీసాలో 10 మిల్లీగ్రాములుంటుంది, అంటే మూడు వేల లీటర్లకి పైగా నీళ్లని ఆ హద్దుకి తీసుకొచ్చేంత.

ఒక సీసాతో ఎకరం చెరువు పోదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చెరువులో ఉప్పు, బురదలోని సల్ఫైడు, కుళ్లిన ఆకూ అలమూ వెండిని చాలావరకు పట్టేస్తాయి. కానీ చేపపిల్లలు పెట్టిన వెయ్యి లీటర్ల తొట్టి సంగతి వేరు. అందులో బురద ఉండదు, పిల్లలు సున్నితం. ఒక లీటరు అందులో పడితే హద్దుకి మూడు రెట్లు. తొట్లు తెగులు లేకుండా ఉంటాయని వెండి నీళ్లతో కడిగే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

పారబోసే పద్ధతి ఇది. పాడైన సీసాలన్నీ ఒక ప్లాస్టిక్ బకెట్లోకి వంచండి. లీటరుకి చెంచాడు కల్లుప్పు వేసి కలపండి. ఇన్నాళ్లూ మనం దూరం పెట్టిన ఉప్పే ఇక్కడ పనికొస్తుంది. రెండు మూడు రోజులు కదపకుండా వదిలేస్తే వెండి తెల్లగా, బూడిదగా అడుక్కి దిగుతుంది. పై తేట మెల్లగా వంచి, మందపాటి గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, బోదెకి, చెరువుకి, పంటకి దూరంగా గట్టి నేల మీద పోయండి. గుడ్డలో మిగిలిన మడ్డిని అదే గుడ్డతో ఆరబెట్టి మూత ఉన్న డబ్బాలో వేసి, మీద పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. ఏడాది పొడుగునా చేసినా అది చెంచాడు కూడా అవ్వదు.